ఎడారి గని కొలతలు

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మే. పదిహేనేళ్ళుగా ఎక్కడో ఎడారిలో ఉన్న గనివాళ్ళకు యూనిఫాంలు కుట్టేది. గనిని ఎన్నడూ చూడలేదు. ఏటా ఒక లారీ వచ్చేది. డ్రైవరు ఖాకీ తానులూ, ముప్పై రెండు మంది కొలతల కాగితమూ ఇచ్చిపోయేవాడు. నెల తిరిగాక వచ్చి కుట్టిన మూటలు పట్టుకుపోయేవాడు.

ఒకనాడు బీరువా సర్దుతూ పాత కాగితాలన్నీ పక్కపక్కన పరిచింది. పదిహేనింటిలోనూ అవే అంకెలు. ఒక్కడికీ పొట్ట రాలేదు, ఒక్కడూ చిక్కిపోలేదు.

"ఏమండీ, మీ నడుము ఏడాదికో అంగుళం పెరుగుతోందా లేదా?" అని భర్తను అడిగింది.

"పొద్దున్నే నా పొట్ట మీద పడ్డావేంటి?" అన్నాడాయన. సంగతి విని తేలిగ్గా నవ్వేశాడు. "గుమాస్తా బద్ధకం. పాత కాగితమే ఎక్కించి పంపుతున్నాడు."

"అలాగైతే బిగుతైందని ఒక్కడైనా తిప్పి పంపాలి కదా?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

తానే వెళ్ళి కొలతలు తీద్దామనుకుంది. రెండు రోజులు రైలు, ఆపైన పగలంతా లారీ. టిక్కెట్టు కొంది. నీళ్ళ డబ్బా, ముఖానికి కట్టుకోవడానికి పల్చటి గుడ్డ, రెండు టేపులు సర్దుకుంది. వస్తున్నానని గని ఆఫీసుకు ఫోన్ చేస్తే చాలాసేపు గాలి హోరే వినిపించింది. తర్వాత ఒక గొంతు, అయినవాళ్ళను పిలిచినంత ఆప్యాయంగా, "రండమ్మా, మీ కోసమే చూస్తున్నాం. టేపు మాత్రం తేనక్కర్లేదు" అంది.

వారానికి లారీ వచ్చింది. ఈసారి కాగితంలో ముప్పై మూడు వరుసలు. చివరిది ఆడమనిషి కొలత. చదువుతూ చదువుతూ ఆమె టేపు తీసి తన నడుముకు చుట్టుకుని చూసింది. అదే అంకె. పక్కన సన్నటి అక్షరాలతో 'ఎడమ భుజం అరంగుళం దిగువ' అని ఉంది. చిన్నప్పుడు మెట్ల మీద పడి విరిగిన భుజం. కట్టుకున్నవాడే ఇన్నేళ్ళలో గమనించలేదు.

"ఇది నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వరమ్మా. గేటు దగ్గర రాయి కింద పెట్టి ఉంటుంది" అన్నాడు డ్రైవరు. "మూటలు కూడా అక్కడే దించి వచ్చేస్తా."

"ఇన్నేళ్ళలో ఒక్క మనిషినీ చూడలేదా?"

"ఆరేసిన బట్టలు చూశానమ్మా. గాలి లేనప్పుడు కూడా కదులుతుంటాయి."

తానులు విప్పకుండానే తిరిగి లారీ ఎక్కించేసింది. టిక్కెట్టు రద్దు చేసింది.

ఇప్పుడు బడిపిల్లల బట్టలు కుడుతోంది. ఆర్నెల్లకే లాగులు పొట్టయ్యాయని తల్లులు గొడవకొస్తారు. ఆ తిట్లు తిన్న రోజు ఆమెకు హాయిగా నిద్ర పడుతుంది.