బండల కింది హరప్పా

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. పుస్తకం తెరిచి పాఠం చదివి వినిపించే టీచర్ల వల్లే దేశం ఇలా తయారైందని ఒకటి, దాన్ని బాగుచేయడానికే నేను బీఈడీ చేశానని రెండోది. (ఇప్పుడు రెండూ కాస్త మెత్తబడ్డాయి.) పొద్దున్నే వికారాబాద్‌లో రైలెక్కి, తాండూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పడానికి వెళ్లేదాన్ని. బడి యజమానికి బండలు పాలిష్ చేసే కార్ఖానా ఉంది. అందరూ ఆయన్ని సేట్ అనేవాళ్లు. చదువంటే గౌరవమే కానీ, బడిలో ఎక్కడైనా మట్టి కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టేది కాదు. గదులు, వరండా, చివరికి సైకిళ్లు పెట్టే చోటు కూడా నాపరాళ్లతో నున్నగా మెరిసేవి.

ఆ ఏడు నా ఉద్యోగం పక్కా కావాలంటే విద్యాశాఖ అధికారి ముందు ఒక పాఠం చెప్పి మెప్పించాలి. నేను హరప్పా ఎంచుకున్నాను. చెప్పడం కాదు, పిల్లల చేత తవ్వించాలనుకున్నాను. బడి వెనక సేట్ కంట పడకుండా మిగిలిన మట్టి మూల ఒకటుంది. ముందురోజు పిల్లలు వెళ్లాక అక్కడ గొయ్యి తీసి, కుండపెంకులు, మట్టిపూసలు, ఒక మట్టి ఎద్దు పాతిపెట్టాను. పైన ఇసుక పోసి, అమ్మను అడిగి తెచ్చుకున్న పెద్ద గరిటెతో చదును చేశాను. ఒక్కో జట్టుకు ఒక్కో గడి వచ్చేలా మేకులు కొట్టి దారాలు కట్టాను. పని బ్రహ్మాండంగా కుదిరింది. రైలెక్కాక గుర్తొచ్చింది, గరిటె అక్కడే వదిలేశానని.

తెల్లారి వెళ్లేసరికి ఆ మూల అద్దంలా ఉంది. తాండూరులో చదును చేసిన ఇసుక మీద గళ్లుగా దారం కనిపిస్తే ఎవరికైనా ఒకటే అర్థం, అక్కడ బండలు పరవాలని. సేట్ ఎదురొచ్చాడు.

"మేడం, దారం గట్టింది చూసిన. గింత పని సగంల ఎందుకిడ్వాలె అని మావోళ్లను పిలిచి రాత్రికే జేయించిన. సార్ వస్తుండు గదా, జర మంచిగ కనవడాలె."

థాంక్స్ అన్నాను.

పిల్లలు మట్టి దులిపే బ్రష్షులు పట్టుకుని నిలబడ్డారు. "మేడం, హరప్పా ఏడుంది?" అన్నారు. అధికారి కూడా వచ్చేశారు. నోటికొచ్చింది అనేశాను: "తవ్వకుండా చెప్పాలి. చుట్టుపక్కల దొరికిన వస్తువుల్ని చూసి, నిన్న ఇక్కడ ఏం జరిగిందో కనిపెట్టండి."

పిల్లలు కోడిపిల్లల్లా చెదిరిపోయారు. కాసేపటికి ముందు బెంచీ అమ్మాయి చాయ్ గ్లాసులు పట్టుకొచ్చింది. "సార్, ఈడ ముగ్గురు బండలు పరిసిర్రు. ఇంకొగాయన పని జెయ్యలే, నిలవడి జేయించిండు."

"ఎట్ల తెలిసింది?" అన్నారాయన.

"మూడు గ్లాసులకు సిమెంటు చేతులంటినయి. నాలుగోది సాఫ్ ఉంది. దాని పక్కన గోడకు పాన్ ఊంచిర్రు."

మా బడిలో పాన్ నమిలేది ఒక్కరే. అందరం అటు తిరిగాం. సేట్ నోట్లో అప్పుడు కూడా పాన్ ఉంది. జవాబు చెప్పాలంటే ఉమ్మాలి, ఉమ్మాలంటే చుట్టూ ఆయన బండలే. అధికారి పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంతలో ఇంకో పిల్ల, బండలు పరిచేటప్పుడు తీసిపోసిన మట్టికుప్పలోంచి నా కుండపెంకు ఒకటి ఏరుకొచ్చింది. "మేడం, కింద ఇంకా ఉన్నట్టుంది. బండలు తీద్దామా?"

సేట్ పాన్ మొత్తం మింగేశాడు. "మేడం, మీ నౌకరి పక్కా. బండల మీద మాత్రం చెయ్యెయ్యద్దు."

వెయ్యనని మాటిచ్చాను. అలా నా ఉద్యోగం నిలిచింది. గరిటె మాత్రం బండల కిందే ఉండిపోయింది. అది అమ్మకు పెళ్లినాడు పుట్టింటివాళ్లు పేరు చెక్కించి ఇచ్చినది. "గరిటె ఏడవెట్టినవ్ బిడ్డా?" అని ఇప్పటికీ అడుగుతుంది. "బడిల ఉందమ్మా" అంటాను. అబద్ధమేం కాదు. ఏనాడో ఎవరో తవ్వి, హరప్పా ఎద్దు పక్కన అమ్మ పేరున్న స్టీలు గరిటె చూసి, ఆమె ఈ సీమనేలిన రాణి అని రాస్తారని చెప్పాను. "రాణిని జేసుడు తర్వాత. ముందు పప్పు దేంతోని కలుపాలె?" అంది.

ఇప్పుడు వేరే బడిలో పనిచేస్తున్నాను. చాలా రోజులు పుస్తకం తెరిచి పాఠం చదివే వినిపిస్తాను. తాండూరు వెళ్లినప్పుడు ఆ మూలకు పోయి కాసేపు నిలబడతాను. గరిటెతో దేశాన్ని బాగుచేయబోయిన ఆ పిల్ల టీచరు కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది. తవ్వి తీయాలనిపిస్తుంది. కానీ ఏం చేస్తాం, సేట్‌కు మాటిచ్చాను కదా.