రాజధానిలో పొద్దుగుంకిన వేళ

ఖద్దూజాకి ఇంట్లో తోడు ఇద్దరే. ఒకటి మేక, రెండోది రేడియో. మేకకి ఆకలేస్తే తప్ప ఈమె గుర్తుకురాదు. రేడియో అలా కాదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక అందులో మాట్లాడే హమ్మూ గొంతు సవరించుకుని, "ఒంటరిగా కూర్చుని వింటున్నవాళ్లకి ముందు సలాం" అంటాడు, అదీ ఆమె పుట్టి పెరిగిన జెనాతీ భాషలో. ఆ సలాం తనకేనని ఖద్దూజా లెక్క. ఈ ఎడారిలో అలా లెక్కేసుకునేవాళ్లు ఇంకెందరున్నారో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

చిన్నప్పుడు కళ్ల జబ్బు వచ్చి చూపు పోయింది. అయినా పెళ్లయింది, కాపురం చేసింది. మొగుడు మౌలూద్ నేలకింద పారే నీటి కాలువల్లో దిగి పూడిక తీసేవాడు. మంచివాడే గాని మితభాషి. పోయినప్పుడు కూడా చెప్పాపెట్టకుండా పోయాడు. పిల్లలు లేరు. ఊరి చివర, ఖర్జూరపు తోటల అంచున మట్టి ఇంట్లో బుట్టలు అల్లుకుంటూ ఆమె మిగిలింది.

సర్కారు డబ్బుతో నడిచే ఆ రేడియో పెద్ద గొప్ప సంగతులేమీ చెప్పదు. ఏ కాలువ కూలిందో, పూడిక తీయడానికి ఎవరెవరు రావాలో చెబుతుంది. ఎవరి ఒంటె తప్పిపోయిందో, ఎవరు పోయారో, కళ్ల డాక్టరు ఏ ఊరికి ఎప్పుడొస్తాడో చెబుతుంది. రంజాన్ నెలలో మాత్రం అంతకంటే పెద్ద పని చేస్తుంది. ఆ ప్రాంతపు పొద్దు ప్రకారం నమాజుకి పిలిచే అజా వినిపిస్తుంది. మసీదు ఊరికి అటు చివర ఉంది. ఇసుక దిబ్బల మీంచి గాలి వీచిందంటే పిలిచేవాడి గొంతు ఆమె గుమ్మందాకా రాదు. అందుకని ఏళ్ల తరబడి ఆమె ఉపవాసం విడిచేది రేడియో అజాతోనే.

ఆ ఏడు రంజాన్ సగంలో ఒకరోజు హమ్మూ రాలేదు. ఎవరో గబగబా గొప్ప అరబ్బీ మాట్లాడుతున్నారు. ఖద్దూజాకి అరబ్బీ దేవుడితో మాట్లాడేంతవరకే వచ్చు. పాపం జ్వరమొచ్చిందేమో అనుకుని అతని కోసం ఓ ప్రార్థన కూడా చేసింది. సాయంత్రం చలిగాలి, దుమ్ము. ఒంటికి ఎండ తగిలే ఆనవాలు లేదు. రేడియోలో ఎవరో ఏదో ఒక ముక్క చదివారు, వెంటనే అజా మొదలైంది. అజా ఎక్కడైనా ఒక్కటే. ఆమె దేవుడి పేరు చెప్పుకుని ఖర్జూరం నోట్లో వేసుకుంది.

అప్పుడే పొరుగింటి యమ్నా సూప్ గిన్నెతో వచ్చింది. రోజూ పొద్దుగుంకేముందు గిన్నె పెట్టేసి పరిగెత్తుతుంది.

"ఖద్దూజా, నోట్లో ఏమిటే అది?"

"ఖర్జూరం. అజా అయిందిగా, నువ్వూ ఒకటి తిను."

"ఎక్కడయింది? పొద్దింకా బారెడుంది. చెట్ల మీద వెలుగు కనబడుతుంటే..." అని ఆగిపోయింది. ఎవరితో అంటోందో అప్పుడు గుర్తొచ్చింది.

ఖద్దూజా ఉమ్మేసింది. "రేడియోలో అయిందే."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రేడియోలో పొద్దుగుంకుతుందా ఎక్కడైనా?"

యమ్నా చెడ్డది కాదు. నోట్లో నువ్వుగింజ నానదు, అంతే. రాత్రి నమాజు ముగిసేసరికి ఊరంతా తెలిసింది. ఒక్క ఖర్జూరం నోళ్లు మారి మారి పళ్లెం నిండా గోధుమరవ్వ కూస్కూస్ అయింది. తిట్టినవాళ్లెవరూ లేరు, అందరూ జాలిపడ్డారు. ఇమాం భార్య స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకుంది. "పెద్దదానివయ్యావమ్మా. మతి తప్పినవాళ్లని దేవుడు ఉపవాసం గురించి అడగడు. బెంగపడకు."

తిట్టినా బాగుండేది. చూపు పోయినప్పుడు కూడా ఏ లెక్కలోంచీ తప్పించుకోని మనిషి ఖద్దూజా. అందరితోపాటు పస్తు ఉంది, అందరితోపాటు నమాజు చేసింది. ఇప్పుడు దేవుడు కూడా అడగని మనిషైపోయింది. ఆ మాటకి ఆమె చాలాసేపు ఏడ్చింది.

శుక్రవారం మేనల్లుడు బహూస్ పట్నం నుంచి బండి వేసుకుని వచ్చాడు. నీటి ఆఫీసులో ఉద్యోగం. అత్తంటే ప్రేమే, తీరికే లేదు.

"ఇంక చాలత్తా. మా ఇంటికొచ్చెయ్. పగలేదో రాత్రేదో తెలీకుండా ఒక్కదానివీ ఎట్లా ఉంటావు?"

"నాకెప్పుడు తెలిసింది గనక? రేడియోవాడు చెప్పేవాడు, నేను వినేదాన్ని. హమ్మూ ఏమైపోయాడు?"

"మన కేంద్రంలో ప్రోగ్రాములు ఆపేశారు. ఖర్చు తగ్గించుకుంటున్నారు. ఇప్పుడు రోజంతా రాజధాని నుంచే. అయినా ఆ జెనాతీ కబుర్లు వినేదెవరు? నలుగురు ముసలమ్మలు. వాళ్ల కోసం ప్రజల సొమ్ము తగలెయ్యాలా?"

"ఆ నలుగురూ ప్రజలు కారట్రా?"

బహూస్ నవ్వాడు. ఖద్దూజా నవ్వలేదు. ఆమెకి సంగతి ఇప్పుడు అర్థమైంది.

"అయితే ఆ అజా రాజధానిదన్నమాట. అక్కడ పొద్దు మనకంటే ముందు గుంకుతుంది. అజాకి ముందు చదివిన ముక్క ఆ సంగతే అయ్యుంటుంది, నాకు తెలీని భాషలో చెప్పారు. నేను రాజధాని పొద్దుకి తిన్నాను బహూస్. నా మతి బాగానే ఉంది."

"సరే సరే," అన్నాడు అతను, చంటిపిల్లని ఊరుకోబెట్టినట్టు. "నెలాఖరుకి వస్తా. పండగ మాతో చేసుకుందువుగాని. మేకని యమ్నాకిచ్చెయ్."

పండగ చూసి తిరిగొచ్చే మనిషి మేకని ఇచ్చెయ్యక్కర్లేదు. ఖద్దూజాకి ఆపాటి తెలుసు. మేనల్లుడింట్లో ఆమె ఇంతకుముందు ఓ వారం ఉంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పిల్లలకి జెనాతీ రాదు, ఈమెకి వాళ్ల అరబ్బీ రాదు. రోజంతా టీవీ మోగుతుంది. వేళకి తిండి చేతికిస్తారు, మూటని జరిపినట్టు నీడలోకి జరుపుతారు. ఆ ఇంట్లో ఆమెకి ఎంత దిగులేసిందో ఎవరికీ చెప్పుకోలేదు.

మిగిలిన రోజులు రాజధాని మాటలే విన్నది. అర్థం కాకపోయినా కట్టెయ్యలేదు, మనిషి అలికిడి ఉంటుంది కదా అని. యమ్నా ఇప్పుడు గిన్నె పెట్టి పరిగెత్తడం మానేసింది. పక్కనే నిలబడి, సమయమయ్యాక "ఇప్పుడు తిను" అనేది. ఖద్దూజా తినేది. తోడు నిలబడిన మనిషి ఉండి కూడా అంత ఒంటరిగా ఆమె ఎన్నడూ తినలేదు.

అన్నట్టే బహూస్ వచ్చాడు. బట్టల మూట, చాప, రేడియో బండిలో పెట్టాడు. సగం దారిలో సాయంత్రమైంది. రోడ్డు పక్కన ఆపి, ఖర్జూరాలూ పాలూ తీశాడు.

"ఇల్లు చేరేసరికి ఆలస్యమవుద్ది. ఇక్కడే విడిచేద్దాం," అని బండిలో రేడియో పెట్టాడు. కళ్లున్నవాడే, పొద్దు ఎదురుగానే ఉంది. అయినా అజా వినబడందే చెయ్యి నోటిదాకా పోదు ఎవరికైనా.

రేడియోలో దగ్గు వినిపించింది. హమ్మూ.

ఎవరెవరు వెళ్లి అడిగారో గాని, సాయంత్రం పూట గంటసేపు ఆ కేంద్రానికి తిరిగి ఇచ్చారట. అతను మెల్లగా, జెనాతీలో అన్నాడు: "మేం లేని రోజుల్లో ఇదే స్టేషన్‌లో రాజధాని అజా విని ముందుగా ఉపవాసం విడిచినవాళ్లు చాలామంది ఉన్నారని తెలిసింది. గుడారాల్లో ఉండేవాళ్లు, లారీలు తోలేవాళ్లు, చూపు లేనివాళ్లు. పండగయ్యాక ఒక్కరోజు ఉపవాసం ఉండి సరిచేసుకోండి. తప్పు మీది కాదు, మాది."

తర్వాత అజా. బహూస్ ఖర్జూరం చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఖద్దూజా తినడం మొదలుపెట్టింది. కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదత్తా?"

"చెప్పాను నాయనా. నేను చెబితే నీకు వినబళ్లేదు. హమ్మూ చెబితే వినబడింది."

బహూస్ పాలు తాగి, బండి వెనక్కి తిప్పాడు. ఊరు దగ్గరపడ్డాక అడిగాడు.

"పండగకైనా వస్తావా?"

"వస్తాను. మర్నాడు దింపెయ్యాలి. దేవుడికి ఒకరోజు బాకీ ఉన్నాను, అది నా ఇంట్లోనే తీర్చుకుంటాను."

పండగ వెళ్లిన రెండోరోజు కూడా ఊళ్లో విందులు ఆగలేదు. ఇంటింటా మాంసం ఉడుకుతోంది, టీ మరుగుతోంది. ఖద్దూజా ఒక్కతే తలుపు దగ్గరగా వేసుకుని పొద్దుగుంకేదాకా పస్తు ఉంది. దేవుడు నిన్ను అడగడులే అని చెప్పడానికి ఈసారి ఎవరూ రాలేదు.