పక్కింటి అమ్మాయి

బుధవారం పొద్దున పదిన్నరకు రేడియోలో ఫోన్-ఇన్ చర్చ వచ్చేది. ఒక వారం నీళ్ల కష్టాలు, ఒక వారం దేశంలో ధరలు, ఇంకో వారం సర్కారు బడులు. స్టూడియోలో ఒక యాంకరమ్మ, ఆమె ఎదురుగా ఆ విషయం తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉండేవాళ్లు. మిగతాదంతా జనం ఫోన్ చేసి మాట్లాడటమే. ఆ జనంలో మా బాపు ఒకడు.

బాపు ఆలేరు దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరుగా చేరి, గుమాస్తాగా రిటైరయ్యాడు. అన్నేళ్ల ఉద్యోగంలో ఏ విషయం మీదా ఆయన అభిప్రాయం అడిగిన అధికారి లేడు. రేడియోలో మాత్రం యాంకరమ్మ ఆయన గొంతు గుర్తుపట్టి, "చెప్పండి సార్, తార్నాక నుంచి మీరెప్పుడూ మంచి పాయింట్ చెప్తారు" అనేది. ఆ మాట మీద ఆయనకు వారమంతా గడిచిపోయేది.

ఫోన్ చేసే ముందు పెద్ద తతంగం. పడగ్గది తలుపు వేసుకుని, ఫ్యాను ఆపి, అమ్మతో పొయ్యి మీది కుక్కర్ దింపించి, గొంతు సవరించుకుని కూర్చునేవాడు. లైను కలవగానే ఆయన భాష మారిపోయేది. ఇంట్లో "ఏందే, గాడ పెట్టినవా తాళం చెవి" అనే మనిషి, ఫోనులో "నమస్కారమండీ, ఈ సమస్యను మనం రెండు కోణాల నుంచి చూడవలసి ఉంటుందండీ" అనేవాడు. మొదట్లో నేనూ అమ్మా వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లం.

మాట్లాడేటప్పుడు ఇంట్లో రేడియో కట్టేయాలి, లేకపోతే లైనులో గొంతు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. అందుకని తన మాట ఎలా వచ్చిందో ఆయనకు తెలిసేది కాదు. విని చెప్పడం నా పని. నేను యూనివర్సిటీలో రీడింగ్ రూముకు వెళ్లడం మొదలుపెట్టాక కూడా ఆ పని తప్పలేదు. ఆ టైముకు చదివేది పక్కనపెట్టి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బయట గట్టు మీద కూర్చుని వినేదాన్ని. అయిపోగానే ఇంటికి ఫోన్.

"ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగున్నది బాపు. నడుమల జర దగ్గినవ్, గంతే."

"అయ్యో, దగ్గు ఇనొచ్చిందా?" అని నిజంగా బాధపడేవాడు.

అప్పటికి నేను పీజీ చేసి గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఆ చదువు ఎన్నేళ్లు సాగిందో రాయడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. ఒకసారి పరీక్ష వాయిదా పడింది. ఒకసారి రాశాక రద్దయింది. ఒకసారి చాలా దగ్గరికి వచ్చి పోయింది. పొద్దున టిఫిన్ బాక్సు సర్దుకుని తార్నాక నుంచి క్యాంపస్‌లోకి నడిచి వెళ్లి, సాయంత్రం చీకటి పడకముందు తిరిగొచ్చేదాన్ని. రీడింగ్ రూములో నాలాంటివాళ్లే అందరూ. కుర్చీ మీద పుస్తకం పెట్టి పోతే అది మన సీటు. ఆ సీట్ల కోసమే పొద్దున్నే కొట్లాటలు.

ఇంట్లో బాపు ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. చుట్టాలెవరైనా "ఇంకా చదువుతున్నదా?" అని దీర్ఘం తీస్తే, "సదువనియ్యిండ్రి. మా బిడ్డకు ఏం తొందర?" అని వాళ్ల నోళ్లు మూయించేవాడు. నా తోటి అమ్మాయిలు ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తడానికి భయపడేవాళ్లు. నాకా భయం లేదు. మా బాపు వేరు అని వాళ్లతో చెప్పుకునేదాన్ని కూడా.

ఒక మంగళవారం రాత్రి అన్నం తింటూ బాపు అన్నాడు, "రేపు నేను ఫోన్ చేస్తలేను. గొంతు మంచిగ లేదు. నువ్వు ఊకె టైం వేస్ట్ జేసుకోకు, సదువుకో."

సరేనన్నాను. ఆయన గొంతు బాగానే ఉన్నట్టు అనిపించింది కానీ దాని గురించి ఆలోచించలేదు.

మరునాడు పది దాటాక నేనూ నా స్నేహితురాలూ టీ తాగడానికి బయటికొచ్చాం. ఆమెది పాలమూరు వైపు, అడిక్‌మెట్‌లో హాస్టల్లో ఉండి నాతోపాటే చదువుతోంది. క్యాంపస్‌లో మేము వెళ్లే టీకొట్టాయన ఎప్పుడూ రేడియో పెట్టి ఉంచుతాడు. ఆ రోజు చర్చ మా గురించే: ప్రభుత్వ ఉద్యోగాల కోసం ఏళ్లకేళ్లు చదువుతున్న యువత. స్టూడియోలో రిటైరైన ప్రొఫెసర్ ఒకాయన ఉన్నాడు. మేము నవ్వుకుంటూ బెంచీ మీద కూర్చున్నాం.

"తార్నాక నుంచి మన పాత శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి సార్."

"నమస్కారమండీ."

బాపు గొంతు. గొంతు బాగైందేమో, మనసు మార్చుకున్నాడేమో అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి ఎలా వచ్చిందో చెప్పాలి కదా అని జాగ్రత్తగా వినసాగాను.

"ఇది మా పక్కింటి విషయమండీ. పేర్లు చెప్పడం సభ్యత కాదు. మా పక్కింట్లో ఒక అమ్మాయి ఉన్నారు. ముప్పై దాటిందండీ ఆవిడకు. పీజీ చేశారు. గ్రూప్స్, గ్రూప్స్ అంటూ ఏళ్లు గడిచిపోయాయి. పొద్దున్నే బాక్సు పెట్టుకుని క్యాంపస్‌కు వెళ్తారు, సాయంత్రం వస్తారు. అక్కడ చదువుతున్నారో, చెట్ల కింద కబుర్లు చెప్పుకుంటున్నారో ఎవరికి తెలుసండీ? అడిగితే ఒకసారి వాయిదా అంటారు, ఒకసారి రద్దు అంటారు. ప్రతిసారీ ఏదో ఒక వంక."

మా పక్కింట్లో అమ్మాయిలెవరూ లేరు. ఒక వైపు ఒంటరిగా ఉండే ముసలి డాక్టరు, ఇంకోవైపు కుట్టు మిషన్ల షాపు.

"మరి తల్లిదండ్రులు ఏమీ అనరా సార్?" యాంకరమ్మ అడిగింది.

"తండ్రి చాలా మంచివాడండీ. అదే ఆయన తప్పు. అడిగితే ఎక్కడ ఏడుస్తుందోనని భయం. తన వయసువాళ్లందరూ మనవలను బడికి తీసుకుపోతుంటే, ఆయన ఇంకా బిడ్డ హాల్‌టికెట్ కోసం నెట్ సెంటర్ దగ్గర నిలబడతాడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేస్తుందండీ. ఆమెకు తెలివి లేదని కాదు. కానీ కొందరికి రాదండీ. రాదని ఒప్పుకోవాలి కదా."

నా స్నేహితురాలు టీ ఊదుకుంటూ, "నిజమే జెప్తుండు గాయన. మా నాయినకు గిట్ల చెప్పొస్తలేదు గని గిదే అంటడు లోపల" అంది. ఆమెకు మా బాపు గొంతు తెలియదు. నేను తలూపాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. వేడి గ్లాసు వేళ్లకు కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు.

ప్రొఫెసర్ సలహా ఇచ్చాడు. "ఆ తండ్రికి చెప్పండి. ప్రేమ వేరు, గారాబం వేరు. ఒక గడువు పెట్టమనండి. ఈ ఒక్కసారి, ఆ తర్వాత ఏదో ఒక ఉద్యోగం. గడువు లేని చదువు చదువు కాదు."

"తప్పకుండా చెప్తానండీ ఆయనకు" అన్నాడు బాపు.

ఆ తర్వాత కాచిగూడ నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఇందాక తార్నాక ఆయన చెప్పిన అమ్మాయికి ముందు పెళ్లి చేయాలన్నాడు. అంబర్‌పేట్ నుంచి ఒకావిడ, అలాంటి పిల్లలు తల్లిదండ్రుల రక్తం తాగుతారంది. పెద్దావిడ గొంతు, మెత్తగా, పూజ చేసి లేచినట్టుగా ఉంది. టీకొట్టాయన ఆవిడ మాటకు నవ్వి, మా వైపు చూసి, నవ్వు ఆపేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే బాపు వరండాలో కూర్చుని ఉన్నాడు. "అచ్చినవా బిడ్డా? మస్తు ఎండున్నది, మంచినీళ్లు తాగుపో" అన్నాడు. ఆయన మొహంలో ఏ తేడా లేదు. నన్ను భయపెట్టింది అదే. ఇన్నేళ్లూ ఈ మొహం వెనక ఆ మాటలు ఉన్నాయన్నమాట.

నేను లోపలికి వెళ్లి నీళ్లు తాగాను. మరునాడు మళ్లీ క్యాంపస్‌కు వెళ్లాను, సీటు పట్టుకున్నాను, పుస్తకం తెరిచాను. పేజీ తిప్పిన ప్రతిసారీ "కొందరికి రాదండీ" అన్న మాట వినిపించేది. ఇంట్లో ఎప్పుడూ అనని 'అండీ'తో సహా.

ఆదివారం భోజనాల దగ్గర బాపు గొంతు సవరించుకున్నాడు. ఫోన్ ముందు సవరించుకున్నట్టే.

"బిడ్డా, ఒక మాట. నిన్ను ఏమంటలేను. ఒక గడువు పెట్టుకుందామా? గీ ఒక్కసారి రాయి. గడువు లేని సదువు సదువు గాదు."

నేను కలుపుతున్న అన్నం వదిలేశాను.

"పక్కింటాయనకు చెప్పినవా బాపు? తప్పకుండ చెప్తనన్నవు గద ప్రొఫెసర్‌కు."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ నా వైపు, ఆయన వైపు చూసింది.

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు బాపు.

"ఎవరు చెప్పాలె? నేనే ఇన్న. క్యాంపస్ల మస్తుమంది ఇన్నరు."

"పేరు చెప్పలే గద." చాలా నెమ్మదిగా అన్నాడు. "నేనెక్కడన్న నీ పేరు చెప్పిన్నా? ఊరు, ఇల్లు ఏమన్న చెప్పిన్నా?"

"పక్కింటి పిల్లకు 'ఉన్నారు', 'వెళ్తారు' అని గౌరవమిచ్చినవు. గది నాకియ్యి. నా మొహం మీద అను. చెట్ల కింద ముచ్చట్లు పెడుతున్ననని అను."

"మొహం మీద ఎట్లంటరే బిడ్డను?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నాకు జాలి వేయలేదు. ఊరందరికీ చెప్పుకోగలిగిన మాట ఎదురుగా కూర్చున్న నాకు చెప్పలేకపోవడం ప్రేమ అని ఆయన అనుకుంటున్నాడు. ఆయన సగంలో లేచి చెయ్యి కడుక్కుని వరండాలోకి పోయాడు.

అమ్మ నన్ను ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఆమె బాపు కంచంలో మిగిలిన అన్నాన్ని ఒక పక్కకు తీస్తూ, తల ఎత్తకుండా అంది:

"నువ్వు ఒక్కనాడు ఇన్నవు. నేను దినాం ఇంటున్న. నువ్వు గడప దాటంగనే మొదలువెడ్తడు, నువ్వు వచ్చేయాల్లకు బందు జేస్తడు."

"మరి నాకెందుకు చెప్పలేదే అమ్మ?"

"చెప్తే ఏం జేస్తుంటివి? సదువు ఇడిచిపెడ్తుంటివి. సదువుకుంటున్నవు గద అని నేనే ఇన్న."

నా వంతు మాటలు కూడా ఇన్నేళ్లు అమ్మే విన్నదని ఆరోజు తెలిసింది. ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియని కోపం, దగ్గరున్నవాళ్ల మీదికి పోతుంది.

ఆ తర్వాతి నెలలోనే నేను అంబర్‌పేట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. గడువు పెట్టుకోలేదు, ఆ ఒక్కసారీ రాయలేదు. రీడింగ్ రూములో నా సీటు మీది పుస్తకం తీసుకొచ్చేసిన రోజు, వెనకే నిలబడ్డ కొత్త అమ్మాయి "అక్కా, ఇంక రావా? నేను కూసోవచ్చా?" అని అడిగింది. నేను మెట్లు దిగేలోపే కూర్చుంది.

బాపు కొన్ని వారాలు ఫోన్ చేయలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. వరద కాలువలు, వీధి కుక్కలు, చైనా సరిహద్దు. ఎలా వచ్చిందని నన్ను అడగడు. ఇప్పుడు అమ్మ విని చెప్తుంది. అమ్మకు ఎప్పుడు విన్నా మంచిగానే ఉంటుంది.

మొన్న ఒక ఆదివారం మా స్కూలు పరీక్షా కేంద్రమైంది. గ్రూప్స్ పరీక్షే. టీచర్లందరికీ ఇన్విజిలేషన్ డ్యూటీ వేశారు. నేను రాయాల్సిన పరీక్షకు నేనే హాల్‌టికెట్లు చూసి, ఓఎంఆర్ షీట్లు పంచి, సంతకాలు తీసుకున్నాను. చాలామంది నా వయసువాళ్లే. ముందు వరసలో ఒకామె జవాబు తెలియక పెన్ను కొరుకుతుంటే, ఆమె ముందున్న ప్రశ్న నాకు కనిపించింది. జవాబు తెలుసు. అయినా కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే బాపు వరండాలోంచి అడిగాడు, "పేపర్ ఎట్లుండెనట?"

"అల్కగనే ఉండె. మస్తు ప్రశ్నలు నాకు తెలిసినయే."

ఆయన మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

"నువ్వు రాస్తే వస్తుండె బిడ్డా" అన్నాడు.