పాటల డబ్బాలో దాచిన పుస్తకం

ముహూర్తాల మీద, వాస్తు బేరాల మీద, యంత్రాలకు చేసే పూజల మీద రెండేళ్లు కూర్చుని వంద పేజీల పుస్తకం రాశాను. 2006లో దాన్ని తెనాలిలో ఒక చిన్న డీటీపీ షాపులో టైపు చేయించాను. షాపు నడిపే అమ్మాయి రోజూ రేపల్లె నుంచి పాసింజరులో వచ్చేది. వేళ్లు ఎంత చురుకో నోరూ అంతే చురుకు. ఆమె కంప్యూటరుకు ఎప్పుడూ కుంకుమ బొట్టు ఉండేది.

"కరెంటు పోతే కంప్యూటరు ఆరిపోకుండా ఈ బొట్టు ఆపుతుందా అమ్మా?" అన్నాను మొదటిరోజే.

"ఆపదండి. దానికి యూపీఎస్ ఉంది."

"మరి బొట్టెందుకు?"

"అందానికి సార్. మీ మీసానికి రంగెందుకు?"

వాదం అంతటితో ముగిసింది.

ఆ రోజుల్లోనే మా హేతువాద సభలకు వెళ్లేటప్పుడు బస్సులో పాటలు వినడానికి చూపుడువేలంత ఎంపీత్రీ ప్లేయరు కొన్నాను. దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే పాటలే కాదు, ఫైళ్లు కూడా దాచుకోవచ్చని తెలిసి పొంగిపోయాను. టైపు పూర్తయిన రోజు నా పుస్తకాన్ని నేనే అందులోకి లాగాను. నమ్మే ముందు పరీక్షించాలని ఊరూరా చెప్పేవాణ్ణి కదా, అక్కడికక్కడే తెరిచి చూశాను. తెరుచుకుంది.

"ఇదీ పద్ధతి. బొట్టు కాదు, నకలు కావాలి," అని ఆ పాటల డబ్బాను తాడుతో మెడలో వేసుకున్నాను.

"తాయెత్తు బాగుంది సార్," అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఇక చేతిరాత కాగితాలతో పనేముంది? అంగలకుదురులో మా వీధి చివర బజ్జీలు వేసే ఆయనకు కట్టగట్టి ఇచ్చేశాను. నెల రోజులపాటు నా హేతువాదం మిరపకాయ బజ్జీల నూనె పీల్చింది.

ఆదివారం బాపట్లలో పుస్తకావిష్కరణ. శుక్రవారం సాయంత్రానికి ఫైలు అందకపోతే ఆదివారానికి అచ్చు కాదని ప్రెస్సువాళ్లు ముందే చెప్పారు. గురువారం ఉదయం ఆ అమ్మాయి కంప్యూటరు చచ్చిపోయింది. కుంకుమ బొట్టు వల్లే పోయిందని రాయాలని ఇప్పటికీ నా చెయ్యి దురద పెడుతుంది. కానీ హార్డ్‌డిస్కుకు వయసు మీరిందని మెకానిక్ చెప్పాడు. దానికి నేను చేయగలిగింది లేదు.

నాకు దిగులు లేదు సరికదా, లోపల పండగగా ఉంది. మెడలోంచి డబ్బా తీసి, "పద, పక్క షాపులో తెరుద్దాం," అన్నాను. పక్క షాపు కంప్యూటరులో పాటలన్నీ వచ్చాయి. పుస్తకం మీద నొక్కితే మాత్రం ఫైలు దొరకలేదంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట.

ఆమె వంగి చూసింది. "సార్, మీరు లాగింది ఫైలు కాదండి. షార్ట్‌కట్. అసలు ఫైలు నా కంప్యూటర్లోనే ఉండిపోయింది. ఇది అక్కడికి దారి చూపించే గుర్తు, అంతే."

"నేను తెరిచి చూశానమ్మా!"

"ఎక్కడ చూశారండీ? నా కంప్యూటర్లోనేగా! అది అక్కడున్న పుస్తకాన్నే తెరిచి చూపించింది."

సాక్షి నిజం చెప్తున్నాడో లేదో ఆ సాక్షినే అడిగి తెలుసుకున్నానన్నమాట. ఎదుటివాళ్లు ఈ తప్పు చేస్తే ఇరవై ఏళ్లుగా వేదికల మీద ఉతికి ఆరేస్తున్నాను. రెండేళ్ల రాత పోయింది. ఆమె నవ్వి ఉంటే కొంత తేలిగ్గా ఉండేది. నవ్వలేదు.

"కంగారు పడకండి సార్. వారం వారం అందరి పనులూ సీడీలో ఎక్కించి ఇంటికి పట్టుకెళ్తాను. ఇక్కడ వానకి కారుతుందని. రేపటికివ్వాల్సిన పెళ్లికార్డులు ఈ రాత్రంతా ఈ షాపులోనే కూర్చుని మళ్లీ చేయాలి, ఇంటికెళ్లలేను. అమ్మకి ఫోన్ చేస్తాను, మీరే వెళ్లి తెచ్చుకోండి."

శుక్రవారం పొద్దున్నే పాసింజరెక్కి రేపల్లెలో దిగాను. వాళ్లమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"కాళ్లు కడుక్కో బాబూ. అది దేవుడి అలమర్లో ఉంది."

"సీడీ దేవుడి దగ్గరెందుకండీ?"

"ఆ ఒక్క అలమరకే తలుపు సరిగ్గా పడుద్ది. ఎలకలు దూరవు."

ఇంతకంటే హేతుబద్ధమైన జవాబు నేను వినలేదు. కాళ్లు కడుక్కున్నాను. రెండు చెంబుల నీళ్లతో, శుభ్రంగా. ఆమె పటాల వెనక చెయ్యి పెట్టి పసుపు మరకలున్న కవరు తీసింది.

"ఏం పుస్తకం బాబూ?"

అబద్ధం ఆడటం నాకు చేతకాదు. "పూజలు దండగని రాశానండి."

ఆమె కవరు నా చేతిలో పెట్టి, "ఇన్నాళ్లూ ఆయన పక్కనే ఉందిగా, చదివే ఉంటాడు. ఏమీ అన్లేదు," అంది.

మధ్యాహ్నానికి తెనాలి చేరి, మళ్లీ ఆ పక్క షాపులోనే సీడీ పెట్టించాను. మొదటి పేజీ తెరుచుకోగానే ఆ అమ్మాయి లేవబోయింది. కూర్చోబెట్టాను. వంద పేజీలూ చూడాలన్నాను.

"ఇంకా నమ్మకం కుదర్లేదా సార్?"

"లేదమ్మా. ఇప్పుడే నేర్చుకున్నాను."

డెబ్బయ్యో పేజీ దగ్గర ఆగాను. తెనాలిలో ఒక డీటీపీ షాపులో దసరాకు కంప్యూటరుకు హారతి ఇచ్చారని, టైపు నడుస్తుండగా ఎవరో చెబితే విని వెటకారంగా చేర్చిన చోటు అది. హారతి ఉండాల్సిన చోట కొబ్బరికాయ కొట్టారని ఉంది. తెర మీద ప్రూఫు చూసినప్పుడు నా కంట పడలేదు.

"ఇది మార్చావా?"

"మీరు ఆ రోజు లేరుగా సార్. హారతి ఇవ్వలేదు, కొబ్బరికాయే కొట్టాం. తిడితే తిట్టండి, జరిగింది రాసి తిట్టండి."

మిగతా పేజీలు కూడా చూసి, సాయంత్రం అయిదింటికి ఫైలు ప్రెస్సుకు ఇచ్చాను. ఆ వాక్యం ఆమె దిద్దినట్టే అచ్చయింది.