రుచి చూడకుండా వండిన దుప్పి మాంసం

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా నేనేం అనుకోను, చెవులు మాత్రం ఇటు పెట్టండి.

ఆస్ట్రేలియాలో, క్రాన్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంటి పక్కన ఒక అమెరికా పెద్దాయన ఉంటాడు. వాళ్ల సొంతూరు అమెరికాలో మంచు కురిసే చోటట. దుప్పుల వేట మొదలైన రోజున అక్కడ బడికి సెలవట! వాళ్ల తాతల కాలంలో చలికాలానికి అదే తిండి. ఎడాపెడా కాల్చి అమ్ముకునేసరికి దుప్పులు కరువైపోతే, ఎప్పుడు కొట్టాలో, ఎన్ని కొట్టాలో వేటగాళ్లే పట్టుబట్టి కట్టడి పెట్టించుకున్నారట. ఇప్పుడు కొట్లో మాంసం దొరుకుతున్నా తాతా మనవలూ కలిసి అడవికి పోవడం మానలేదు. ఇదంతా ఆయన కంచె మీద మోచేతులు ఆనించి చెబుతుంటే, మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పేది.

కిందటి కార్తీకంలో ఆయన కాగితం పొట్లంతో మా గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల పదహారేళ్ల మనవరాలు, తల వంచుకుని. ఆ పిల్ల ఇక్కడి అడవిలో మొదటిసారి దుప్పిని కొట్టిందట. కొట్టింది గానీ ఆ మాంసం నోట పెట్టలేకపోతోంది. కొట్టినదాన్ని తిననివాళ్లు మళ్లీ తుపాకీ ముట్టకూడదని వాళ్లింటి కట్టుబాటు.

"మన మసాలా వాసనకైనా తింటుందేమో, వండి పెడతారా అంటున్నాడమ్మా. కార్తీకమాసం, కుదరదని చెప్పేయనా?" అంది మా అమ్మాయి.

ఆ పిల్ల మొహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. "రానివ్వనిది వంటింట్లోకి కదే. పెరట్లో మాంసం కాల్చే పొయ్యి, అదే మీ బార్బీ, ఉందిగా," అన్నాను.

"అత్తయ్యగారూ, ఉప్పు చూసే డ్యూటీ నాకివ్వండి," అన్నాడు అల్లుడు.

"పొద్దున శివుడికి దీపం పెట్టి, సాయంత్రం దుప్పికి నోరు తెరుస్తారా?" అని కసిరింది అమ్మాయి.

పెద్దాయన పొట్లం ఇచ్చి వెళ్లాడు, పిల్ల ఉండిపోయింది. ఆ మాంసంలో కొవ్వు ఉండదు. నూనె ధారాళంగా పోసి, అల్లం వెల్లుల్లి, మిరియాలు వేసి, నీళ్లు చిలకరిస్తూ మూతపెట్టి మగ్గించాను. కడిగేటప్పుడు ఉప్పూ పసుపూ రాసిన గుర్తుంది. తరవాత మళ్లీ ఉప్పు వేశానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మా ఇంట్లో ఎవరూ నోట పెట్టే వీల్లేదు.

"సాల్ట్?" అని పిల్ల వైపే గరిటె చాపాను.

తినమంటే తినేది కాదేమో. ముసలిదాని వంట చెడిపోతుందని కాబోలు, కళ్లు మూసుకుని ముక్క నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలి మింగింది.

"లిటిల్ మోర్."

వేశాను. మళ్లీ చూసింది. మూడోసారి నేను అడగకుండానే గరిటె అందుకుంది.

గిన్నె పట్టుకుని తాత దగ్గరికి పరుగెత్తింది. ఆయన ముక్క నోట పెట్టకముందే ముక్కు చీదుకోవడం మా పెరట్లోకి వినిపించింది.

మీ ఇంట వండిన చేతికీ తిన్న నోటికీ ఏనాడూ లోటు రాకుండా, పిల్లాపాపలతో చల్లగా ఉండండి.