ఇంటి వాయిదాకు తమ్ముడి కార్డు

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న పోర్ట్ క్లింటన్‌లో వెర్నా హోర్వాత్‌ను ఎరగని పిల్లలు లేరు. ఇరవై రెండేళ్ళుగా బడి వంటగదిలో వాళ్ళకు వడ్డిస్తున్నది ఆవిడే. యాభై ఎనిమిదేళ్ళ ఆ మనిషి గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు మాత్రం తక్కువ. తమ్ముడు డ్వైట్ ధైర్యమంతా అదే.

ఆరేళ్ళ క్రితం డ్వైట్ తల్లి ఇర్మా దగ్గర చేరి, ఎప్పుడో అప్పు తీరిపోయిన ఇంటిని మళ్ళీ తాకట్టు పెట్టించాడు. ఆ డబ్బుతో చేపల వేటకు జనాన్ని తీసుకెళ్ళే పెద్ద పడవ కొన్నాడు. నెలనెలా వాయిదా తనే కడతానని బ్యాంకు కాగితాల మీద తల్లి పక్కన సంతకం పెట్టాడు. మరుసటి ఏడే ఇర్మా మంచాన పడింది. కూతురే ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది, జావ తాగించింది. డ్వైట్ పండగలకు వచ్చేవాడు. మందుల కోసం ఫోన్ చేస్తోందని విసుక్కుని, తన క్రెడిట్ కార్డు ఖాతాలో వెర్నా పేరున ఇంకో కార్డు తీయించి పోస్టులో పంపాడు. వెంటనే ఫోన్‌లో రాశాడు: "అక్కా, ఇంటికి ఏ ఖర్చు వచ్చినా దీనిమీదే పెట్టెయ్. నన్ను అడగక్కర్లేదు." అవసరం ఉన్నప్పుడే అతని నోట అక్క అన్న మాట వచ్చేది. మిగతా రోజుల్లో ఉత్త వెర్నాయే.

ఇర్మా అక్టోబరులో పోయింది. ఇల్లు ఇద్దరికీ సమానంగా రాసింది. జనవరిలో బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. మూడు నెలలుగా వాయిదా పడలేదట. వెర్నా ఆ ఉత్తరం పట్టుకుని రేవులో పడవల షెడ్డుకు వెళ్ళింది.

డ్వైట్ వలలు బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు. "పోనీవే. బ్యాంకు వేలం వేస్తే నా స్నేహితుడొకడు కొంటాడు. పడగొట్టి అద్దె గదులు కడతాం. నీకెక్కడో ఓ గది చూసిపెడతాలే."

"నేనుంటున్న ఇల్లురా అది!"

"అద్దె కట్టకుండా అయిదేళ్ళు ఉన్నావుగా. ఇంకా ఎన్నాళ్ళు తింటావు అమ్మ సొమ్ము?"

వెర్నా ఉత్తరం మడిచి పట్టుకుని వెనుదిరిగింది. కారులో కూర్చుని తన చేతులవంక చూసుకుంది. తల్లికి పుండు పడకుండా గంటగంటకూ ఒత్తిగిలబెట్టిన చేతులవి. అమ్మ సొమ్ము తిన్నదట.

మర్నాడు బ్యాంకుకు ఫోన్ చేసి, వాయిదా కార్డుతో కట్టొచ్చా అని అడిగింది.

"మేం కార్డులు తీసుకోమండీ," అంది అవతలి అమ్మాయి. "మధ్యలో కొన్ని కంపెనీలున్నాయి. వాళ్ళు మీ కార్డు మీద తీసుకుని మాకు చెక్కు పంపుతారు. కమీషన్ పడుతుంది మరి."

"ఎవరి కార్డుకు పడుతుంది?"

"ఏ కార్డుతో కడితే దానికేనండీ."

వెర్నాకు చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. అయినా అప్పుడే కట్టలేదు. ఏప్రిల్ చివరిదాకా బ్యాంకు గడువిచ్చింది. ఏప్రిల్‌లోనే వాలై చేపల వేట ఊపందుకుంటుంది. డీజిలు, ఎరలు, మంచు, అన్నీ డ్వైట్ అదే ఖాతాలో ఉన్న తన కార్డు మీదే తెస్తాడు. మూడు నెలలు ఓపిక పట్టింది. రేవులో కనిపించినప్పుడల్లా తమ్ముణ్ణి నవ్వుతూ పలకరించింది కూడా. మొదటి బేరానికి రెండు రోజుల ముందు, గురువారం, ఆగిపోయిన వాయిదాలన్నీ ఒక్కసారే కట్టేసింది. ఖాతా పరిమితిలో ఇంకా మిగలడం చూసి, అందులో డాలరు లేకుండా ముందు నెలలకు కూడా కట్టింది.

శనివారం ఉదయం థర్మాస్ నిండా కాఫీ పోసుకుని రేవులో కారు ఆపుకుంది. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన ఆరుగురు గాలాలు పట్టుకుని పడవ దగ్గర నిలబడ్డారు. రేవులో డీజిలు పోసే ఆవిడ జోనీ, డ్వైట్‌కు కార్డు వెనక్కిచ్చింది.

"పనిచెయ్యట్లేదు డ్వైట్."

"మళ్ళీ గీకు."

"మూడుసార్లు గీకాను. నగదుందా?"

డ్వైట్ జేబులు తడుముకున్నాడు. ఆ ఆరుగురిలో ఒకాయన, "మా బయానా మాకిచ్చెయ్, పక్క పడవలో పోతాం," అన్నాడు. వాళ్ళు పక్క పడవెక్కుతుంటే వెర్నా కారు దిగి తాపీగా నడిచొచ్చింది.

"ఇంటి వాయిదా కట్టానురా. ఇంటి ఖర్చేగా! అడగక్కర్లేదన్నావని అడగలేదు."

డ్వైట్ మొహంలో రక్తం లేదు. "నన్ను ముంచేశావే!"

"ఇంకా లేదు. మునిగేటప్పుడు చెప్పు, చూడ్డానికొస్తా."

దొంగతనమని కార్డువాళ్ళకు ఫిర్యాదు చేశాడు. కార్డిచ్చింది నువ్వే, వాడుకోమన్నదీ నువ్వేనన్నారు వాళ్ళు. అతని వకీలు బ్యాంకు కాగితాలు చూసి, "వాయిదా నేనే కడతానన్న ఈ సంతకం నీదేనా?" అని అడిగి వాటిని తిరిగిచ్చేశాడు. వడ్డీ ఎక్కుతూ పోయింది. జూన్‌లో పడవ అమ్మకానికి పెట్టాడు. ఆగస్టులో శాండస్కీ నుంచి ఒకాయన కొనుక్కుపోయాడు. డ్వైట్ ఇంట్లో తన వాటా రాసిచ్చాక గానీ, మిగిలిన వాయిదాలు నెత్తిన వేసుకోవడానికి వెర్నా ఒప్పుకోలేదు. కార్డు బాకీలో మాత్రం పైసా పంచుకోలేదు.

ఓ శుక్రవారం చర్చి హాల్లో చేపల విందులో జోనీ అడిగింది. "ఎంతైనా తోడబుట్టినవాడు కదా వెర్నా. మనసుకేం అనిపించట్లేదా?"

వెర్నా వేడివేడి చేపముక్క మీద నిమ్మకాయ పిండుకుంది. "అనిపిస్తోంది. ఇంకో కార్డు కూడా ఇచ్చుంటే బావుండేదని."

అక్టోబరులో తల్లి ఫోటో కావాలని డ్వైట్ గుమ్మంలోకొచ్చాడు. చాలా చిక్కిపోయాడు. "అక్కా," అన్నాడు. వెర్నా ఫోటో అందించింది గానీ లోపలికి రమ్మనలేదు. తలుపు గడియ పెట్టి, తనకోసం జావకు పెట్టిన గిన్నె కింద మంట తగ్గించి, అతని పాత ట్రక్కు స్టార్టు కాక ఎగశ్వాస తీస్తుంటే హాయిగా వింటూ నిలబడింది.