గోటికి తగలని గీత

ఏలూరులో నాది కార్ల పెయింట్లు అమ్మే కొట్టు. దానికి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో కెజియా అనే అమ్మాయి కార్ల మీద గీతలు పోగొట్టే పని చేస్తుంది. పక్కనే పెయింటర్ ఉంటే నా అమ్మకాలు పెరుగుతాయని ఆశపడి ఆ షెడ్డు నేనే ఇచ్చాను. మూడేళ్లయింది. ఆమె వల్ల నేను అమ్మిన రంగు కన్నా అమ్ముడుపోకుండా మిగిలిన రంగే ఎక్కువ.

ఎవరు ఏ గీత చూపించినా ముందు దానికి అడ్డంగా గోటిని మెల్లగా జరిపి చూస్తుంది. గోరు ఎక్కడా ఆగకపోతే రంగు అక్కర్లేదండి, పాలిష్‌తో పోతుందని ముక్కుసూటిగా చెప్పేస్తుంది. ఆగితేనే నా కొట్టు వైపు చూస్తుంది. మొహమాటానికైనా ఒక చిన్న డబ్బా కొనిపించదు. ఇదివరకు తాడేపల్లిగూడెంలో ఎవరిదో షెడ్డులో ఎనిమిదేళ్లు పనిచేసింది. పాలిష్‌తో పోయే గీతకి కూడా తలుపంతా రంగు వేయాలని చెప్పమన్నాడట యజమాని. చెప్పనండి అని ఆ పూటే పని మానేసి, పెదపాడులో ఇంటికి వచ్చేసిందట. ఇంత మొండితనం పనికిరాదమ్మా అని నేను చాలాసార్లు విసుక్కున్నాను. నవ్వి ఊరుకుంటుంది.

మొన్న మంగళవారం పొద్దున్నే కలిదిండి నుంచి పృథ్వి అనే చేపల రైతు కొత్త కారేసుకుని నా కొట్టుకొచ్చాడు. ముదురు నీలం కారు, కొని పది రోజులు. బానెట్ చూసి నా ప్రాణం ఉసూరుమంది. మధ్యలో పీటంత మేర సన్నటి గుండ్రటి గీతలు, ఎండ పడితే తెల్లగా మసకబారినట్టు కనిపిస్తున్నాయి. జరిగిందేమిటంటే, కారుకి పూజ చేయించినప్పుడు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేశారు. అది మూడు రోజులు ఎండకి ఎండి పట్టేసింది. పృథ్వి చెరువు గట్టు మీదకి వెళ్లినప్పుడు వాళ్లమ్మ వీరరాఘవమ్మగారు చింతపండు, కొబ్బరి పీచు తెచ్చి, ఇత్తడి బిందె తోమినట్టు ముచ్చటపడి తోమేశారు. పసుపు పోయింది. దాంతోపాటు మెరుపూ పోయింది.

ఆవిడ వెనక సీట్లో తల దించుకుని కూర్చున్నారు. కొడుకు ఒక్క మాట కూడా అనలేదట. అనకపోవడమే ఆవిడకి ఎక్కువ బాధగా ఉంది. బాగవుతుందేమో చూద్దామని వచ్చాననీ, కాకపోతే బస్సులో ఇంటికి పోతాననీ, ఇక జన్మలో ఈ కారు ఎక్కననీ నాతోనే చెప్పారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

బానెట్ అంతా గీకి కొత్తగా రంగు వేయాలని ఎవరో చెబితే పృథ్వి నా దగ్గరికి రంగు కోసం వచ్చాడు. నిజం చెప్పొద్దూ, నేను సంతోషంగానే డబ్బా తీస్తున్నాను. ఇంతలో కెజియా చేతులు తుడుచుకుంటూ రానే వచ్చింది. ఇరవై చోట్ల గోటిని జరిపి చూసింది.

"ఆగట్లేదండి. రంగు మీద వార్నిష్‌లా ఒక పొర ఉంటుంది, దానికే గీతలు పడ్డాయి. కంపెనీలో వేసిన రంగండి ఇది. ఒకసారి గీకేస్తే అలాంటిది మళ్లీ రాదు."

డబ్బా మళ్లీ అరలో పెట్టాను. ఒళ్లు మండింది కూడా.

కానీ తర్వాత చూసినదానికి ఆ మంట నిలవలేదు. ముందు సబ్బునీళ్లతో దుమ్మంతా కడిగింది. గీతలు ముదురుగా ఉన్నచోట తడిపిన సన్నటి గరుకు కాగితంతో అతి తేలిగ్గా రుద్దింది. గీతలు అరగదీసే కాంపౌండ్ ముద్ద పూసి పాలిష్ మెషిన్ తిప్పింది. నాలుగు తిప్పులు తిప్పడం, ఆపి బానెట్ వేడెక్కిందేమో అరచేత్తో చూడడం, వంగి టార్చి వెలుతురులో పరీక్షించడం. ఎక్కువ రుద్దితే ఆ పొర అరిగిపోయి రంగు బయటపడుతుంది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. ముప్పై ఏళ్లుగా పెయింటర్లను చూస్తున్నాను. మెషిన్ పట్టుకుని తొందరపడని మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. మధ్యాహ్నం అన్నం తినమన్నా వినలేదు.

మూడింటికి బానెట్ అంతా నిగనిగలాడింది. ఒక మూల మాత్రం అరచేయంత మేర మసకగా మిగిలింది. కెజియా వెళ్లి వెనక డోరు తీసింది.

"పెద్దమ్మగారూ, ఓసారి దిగండి. ఈ కాస్తా మీరే చెయ్యాలండి."

ఆవిడ హడలిపోయారు. "వద్దమ్మా. నా చెయ్యి తగిలే కదా ఇంత పనయ్యింది."

"మీ చేతిదేం తప్పులేదండి. తప్పంతా పీచుది. ఇదిగో, ఈ స్పాంజి పట్టుకోండి."

ఆ మూల కూడా అప్పటికే రెండు విడతలు తాను చేసేసి, చివరి తుడుపు మాత్రం కావాలని ఉంచిందని నాకు తెలుసు. వీరరాఘవమ్మగారు స్పాంజిని ఆనీ ఆనకుండా తిప్పడం మొదలుపెట్టారు. కాసేపటికి భయం పోయింది. చాలండి అని కెజియా మెత్తటి గుడ్డ అందించింది. తుడిచేసరికి ఆ చోట ఆవిడ మొహమే ఆవిడకి కనిపించింది. ఆవిడ ఏడ్చేశారు.

ఎవరూ పిలవకుండానే ఆవిడ వెళ్లి కారు ముందు సీట్లో కూర్చుని అద్దం దించారు.

"మా ఊళ్లో అందరికీ చెప్తానమ్మాయ్. పాడుచేసిందీ నేనే, బాగుచేసిందీ నేనే అని."

పృథ్వి నొచ్చుకుని ఏదో అనబోయాడు. కెజియా చేత్తో వారించింది.

"అలాగే చెప్పండి పెద్దమ్మగారూ. మీరే కదండీ చేశారు."

కారు కైకలూరు రోడ్డు వైపు వెళ్లిపోయింది. పొద్దుటి నుంచి పడిన కష్టానికి దక్కాల్సిన పేరు కూడా అలా ఇచ్చేసి, ఆమె తాపీగా క్యారేజీ విప్పుకుంది. నేను కొట్లోకి వచ్చాను. ఆ సాయంత్రం రంగు కోసం నలుగురు వచ్చారు. నలుగురికీ చెప్పాను, ముందు పక్క షెడ్డులో మా కెజియాకి చూపించి రండి, రంగు వేయాలని ఆ అమ్మాయి చెబితేనే ఇస్తానని.